మడత చాకు, దాని ఉక్కు ఎంపిక – పట్టు రైతులకు సూచనలు



మల్బరీ రకం ఎంచుకునే ముందు పది మందిని అడుగుతాం. చాకీ ఏ కేంద్రంలో బాగుంటుందో విచారిస్తాం. రొంటిన దోపుకునే చాకును మాత్రం సంతలో ఏది మెరిస్తే అది కొని తెస్తాం. నాలుగు రోజులకే మొద్దుబారితే ఈ కాలపు ఇనుమే అంత అని సరిపెట్టుకుంటాం.

చాకు చిన్న వస్తువే. కాని కోత శుభ్రంగా పడితే కొమ్మ వేరు పోస్తుంది, నలిగితే కుళ్ళుతుంది. అదే చాకు తోటలోను, పురుగుల గదిలోను తిరిగితే పంటకే ముప్పు. శిడ్లఘట్ట, చింతామణి వైపు చాకు అన్నా, హోసూరు వైపు మడక్కుకత్తి అన్నా వస్తువు ఒకటే. దాన్ని ఎలా ఎంచుకోవాలి, ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు అన్నది ఈ కరపత్రంలో తెలుసుకుందాం.

మడత చాకు ఏ పనులకు?

తోట మొత్తాన్ని నేలమట్టానికి కత్తిరించడానికి, రెమ్మలతో సహా మేత కోయడానికి కొడవలి, కత్తిరింపు కత్తెర, చిన్న రంపం ఉన్నాయి. ఆ పనులకు మడత చాకు వాడితే కీలు వదులవుతుంది, చెయ్యి తెగుతుంది. మడత చాకు పనులు ఇవి:

1. నారుమడికి కొద్దిపాటి కొమ్మ ముక్కలు తయారు చేయడం.
2. కత్తిరింపులో చీలిన బెరడును, ఎండిన కొనలను చక్కగా చెక్కడం.
3. పాత తోటలో మంచి రకం కన్ను లేక కొమ్మను అంటు కట్టడం.
4. నారు సంచులు, తాళ్ళు, గోనెలు, డ్రిప్పు పైపు ముక్కలు కోయడం.
5. చంద్రికలకు ఎక్కించిన ఐదారు రోజులకు ఒకటి రెండు గూళ్ళు కోసి, లోపలి ప్యూపా గోధుమ రంగుకు తిరిగి గట్టిపడిందో లేదో చూడడం.

వీటిలో మొదటి మూడు పనులకు పదును ముఖ్యం. నాలుగో పనికి గట్టిదనం ముఖ్యం. చాకు కొనేటప్పుడు మీకు ఏ పని ఎక్కువో ముందు ఆలోచించుకోండి.

మొద్దు చాకుతో వచ్చే నష్టం

మూడడుగుల ఎడంలో నాటిన ఎకరం తోటలో 4,840 మొక్కలు పడతాయి. వాటిలో నూటికి పది చనిపోయాయనుకుందాం. 484 ఖాళీలు పూడ్చాలి. నారుమడిలో కొన్ని పోతాయి కనుక 600 కొమ్మ ముక్కలు వేయాలి. ముక్కకు రెండు కోతలు చొప్పున 1,200 కోతలు. మొదటి వంద కోతలు బాగుండి, తర్వాతి కోతలు నలిగితే సగానికి పైగా ముక్కలు దెబ్బతిన్నట్టే.

కొమ్మ ముక్కకు ఆరు నుంచి ఎనిమిది నెలల వయసున్న, పెన్సిలు లావు రెమ్మ కావాలి. పొడవు 15 నుంచి 20 సెంటీమీటర్లు, మూడు నాలుగు బలమైన కన్నులు ఉండాలి. కోత ఏటవాలుగా, ఒకే ఊపున పడాలి. బెరడు చీలకూడదు, చెక్క నుంచి విడిపోకూడదు. కొత్త వేర్లకు ఆధారం బెరడుకు, చెక్కకు మధ్య ఉండే పలుచని పచ్చని పొర. మొద్దు చాకు ఆ పొరను కోయదు, చిదుముతుంది. చిదిమిన చోట నీరు నిలిచి బూజు చేరుతుంది. కాండం కుళ్ళు, ఎండు కొన తెగుళ్ళు నారుమడిలోకి వచ్చే దారుల్లో ఇదొకటి. మడిలో ముక్క చిగురించి నెల తిరగకుండానే వాడిపోతే తప్పు ఎరువుదనో నీటిదనో అనుకుంటాం. పీకి అడుగు కోతను కూడా ఒకసారి చూడండి.

మల్బరీ తోట ఒకసారి నాటితే పదిహేనేళ్ళ వరకు ఆకు ఇస్తుంది. ఆ పదిహేనేళ్ళు ఖాళీగా ఉండే గుంత ఎంత నష్టమో మీకే తెలుసు.

ఉక్కు గురించి తెలుసుకోవలసింది

ఇనుములో కర్బనం కొద్దిగా కలిస్తే ఉక్కు అవుతుంది. దానిని ఎర్రగా కాల్చి నూనెలోనో నీటిలోనో ముంచితే గట్టిపడుతుంది. అలాగే వదిలితే గాజులా విరుగుతుంది కనుక మళ్ళీ సన్నని వేడి మీద గడ్డి రంగు వచ్చేదాకా కాచి ఆ పెళుసుదనాన్ని తగ్గిస్తారు. ఈ రెండు కాపుల్లోనే చాకు గుణమంతా ఉంది. మంచి ఉక్కు అయినా కాపు చెడితే చాకు చెడినట్టే.

ఈ విద్య మన వైపు కొత్తది కాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు ఒకప్పుడు పర్షియా దాకా పోయి కత్తులైంది. ఇంగ్లీషువారు ఆ లోహాన్ని పిలిచిన వూట్జ్ అనే పేరు మన ఉక్కు అనే మాట నుంచే వచ్చిందని పండితులు చెబుతారు.

ఉక్కు విషయంలో మూడు గుణాలు గుర్తు పెట్టుకోండి. మొదటిది పదును నిలవడం. రెండోది విరగకుండా ఓర్చుకోవడం. మూడోది తుప్పుకు తట్టుకోవడం. కర్బనం పెరిగితే మొదటి గుణం పెరుగుతుంది, రెండోది తగ్గుతుంది. క్రోమియం కలిపితే మూడోది పెరుగుతుంది. మూడూ నిండుగా ఉన్న ఉక్కు చౌకగా దొరకదు. మన పనికి ఏది ఎక్కువ కావాలో తేల్చుకోవాలి.

దొరికే రకాలు

కమ్మరి చేసిన చాకు: చాలా ఊళ్ళలో కమ్మరులు లారీ కమాను పట్టీలతో కత్తులు చేస్తారు. ఆ ఉక్కులో కర్బనం సుమారు 0.5 నుంచి 0.6 శాతం ఉంటుంది. బాగా ఓర్చుకుంటుంది, ఇంట్లోని సానరాయి మీదనే పదునెక్కుతుంది. తుప్పు పడుతుంది. కొలిమి పని తెలిసిన కమ్మరి మీ ఊళ్ళోనే ఉంటే అంతకు మించిన అదృష్టం లేదు. చెడితే అతని దగ్గరకే తీసుకుపోయి బాగుచేయించుకోవచ్చు.

కార్బన్ స్టీలు చాకు: కర్బనం 0.7 నుంచి 1 శాతం వరకు ఉంటుంది. పదును సన్నగా ఎక్కుతుంది, బాగా నిలుస్తుంది. అంటు కట్టడానికి, కొమ్మ ముక్కలకు మేలైనది. మల్బరీ పాలు, మంచు నీరు తగిలితే మచ్చలు పడుతుంది. బూడిద రంగు మచ్చ వల్ల హాని లేదు, అది అలుగును కొంత కాపాడుతుంది కూడా. ఎర్రని పొడి రాలేదే తుప్పు.

స్టెయిన్‌లెస్ స్టీలు చాకు: క్రోమియం కనీసం 10.5 శాతం ఉంటేనే ఆ పేరు చెల్లుతుంది. చాకు ఉక్కుల్లో సాధారణంగా 12 శాతానికి పైగానే ఉంటుంది. తుప్పుకు బాగా తట్టుకుంటుంది. అయితే స్టెయిన్‌లెస్ అన్నది ఒకే రకం కాదు. ఇంట్లో గిన్నెల ఉక్కు వేరు, చాకు ఉక్కు వేరు. క్రోమియం 18, నికెల్ 8 శాతం ఉండే గిన్నెల ఉక్కును ఎంత కాల్చి ముంచినా గట్టిపడదు. దానితో చేసిన చాకు అద్దంలా మెరుస్తుంది, పది కొమ్మలకే మొద్దుబారుతుంది.

అలుగు మీద కొన్నిసార్లు అంకెలు ముద్రించి ఉంటాయి. 420 అని ఉంటే చూసి నవ్వుకోవద్దు. అది మోసం కాదు, తక్కువ కర్బనం గల స్టెయిన్‌లెస్ ఉక్కు పేరు. తుప్పు పట్టదు, పదును మాత్రం తొందరగా పోతుంది. 12సి27 అని ఉంటే కర్బనం 0.6, క్రోమియం 13.5 శాతం. తోట పనికి ఇది సరిపోతుంది. 8సీఆర్13 అని మొదలైతే కర్బనం 0.8, క్రోమియం 13 శాతం దగ్గర. 440సి లో కర్బనం 1 శాతం చుట్టూ ఉంటుంది. సి అక్షరం లేకుండా 440 అని మాత్రమే ఉంటే కర్బనం తక్కువ రకం కావచ్చు. డి2 అని ఉంటే కర్బనం 1.5 శాతం, క్రోమియం 12 శాతం. పదును చాలా కాలం నిలుస్తుంది, కాని మామూలు సానరాయికి లొంగడం కష్టం, తడికి పూర్తిగా ఓర్చుకోదు. ముద్ర వేసినంత మాత్రాన ఉక్కు అదేనని నమ్మవద్దు. పరీక్ష చేసి చూడండి.

మనకు ఏది మేలు?

ఫ్రాన్సు దేశపు సవోయ్ కొండ ప్రాంతంలో 1890లో జోసెఫ్ ఒపినెల్ అనే కమ్మరి కుటుంబీకుడు రైతుల కోసం చెక్క పిడి చాకు చేశాడు. దాని 8వ నంబరు చాకు అలుగు పొడవు 8.5 సెంటీమీటర్లు. అదే చాకును ఈనాటికీ రెండు ఉక్కుల్లో అమ్ముతున్నారు. ఒకటి కార్బన్ స్టీలు, రెండోది స్టెయిన్‌లెస్. ఆ కంపెనీ చాకే కొనమని ఇక్కడ చెప్పడం లేదు. ఏ చాకు కొన్నా వేసుకోవలసిన ప్రశ్న ఒకటేనని చూపడానికి చెబుతున్నాం: వాడిన ప్రతిసారీ చాకును తుడుస్తారా, తుడవరా?

తుడిచే అలవాటు, ఇంట్లో మంచి సానరాయి ఉన్నవారికి కార్బన్ స్టీలు లేక కమ్మరి చాకు మేలు. తెల్లవారుజామున మంచులో ఆకు కోసి, చాకును తడితోనే జేబులో వేసుకుని, పాలు పిండడానికో సంతకో పరుగెత్తేవారికి 0.5 నుంచి 0.6 శాతం కర్బనం, 13 శాతానికి పైగా క్రోమియం ఉన్న స్టెయిన్‌లెస్ మేలు. గట్టిదనం రాక్‌వెల్ సి కొలతలో 55 నుంచి 58 ఉంటే చాలు. అంతకన్నా గట్టి ఉక్కు కొంటే పదును పోయిన రోజు మీ సానరాయి దానిని కొరకదు.

ఒక్క మాటలో చెప్పాలంటే, మీ రాయి మీద మీ చేతితో మీరే పదును పెట్టుకోగల ఉక్కే మీకు మంచి ఉక్కు.

అంగడిలో పరీక్ష

1. చిన్న అయస్కాంతం వెంట తీసుకుపోండి. అలుగుకు అది అంటుకోకపోతే గిన్నెల ఉక్కు అనుకోండి, కొనవద్దు. అంటుకున్నంత మాత్రాన మంచిదని చెప్పలేం, మెత్తని ఇనుముకూ అంటుకుంటుంది.
2. అంగడివారి అనుమతితో అలుగు మొదట్లో ఆకురాయిని మెల్లగా లాగండి. జారుతూ కొద్దిగా మాత్రమే పడితే గట్టిదనం ఉంది. వెన్నలా రాలితే మెత్తన.
3. చాకు తెరిచి అలుగును పక్కలకు ఊపండి. కీలు దగ్గర ఆడకూడదు.
4. మూసినప్పుడు మొన పిడిలోకి పూర్తిగా దిగాలి. మొన పైకి కనిపిస్తే జేబు చిరుగుతుంది, వేలు తెగుతుంది.
5. వెలుతురులో పదునును సూటిగా చూడండి. ఎక్కడైనా తళుక్కుమంటే అక్కడ మొద్దు.
6. వీలైతే ఒక మల్బరీ రెమ్మ వెంట తీసుకుపోండి. ఏటవాలుగా కోసి బెరడు చూడండి. ఇంతకు మించిన పరీక్ష లేదు.

అలుగు 7 నుంచి 9 సెంటీమీటర్లు ఉంటే చాలు. వెన్ను మందం రెండు మిల్లీమీటర్ల చుట్టూ ఉండాలి. పదును సాదాగా ఉండాలి, రంపపు పళ్ళు వద్దు. పళ్ళ చాకు తాడును బాగా కోస్తుంది కాని బెరడును చింపుతుంది. అంటుకు తిన్నని అలుగు, కొమ్మలు చెక్కడానికి కొద్దిగా వంకీ ఉన్న అలుగు అనుకూలం.

తాళం, పిడి

కొన్ని చాకులకు స్ప్రింగు ఒక్కటే ఉంటుంది. మొనతో పొడిచినా, వెన్ను మీద ఒత్తిడి పడినా అవి వేళ్ళ మీదకు మూసుకుంటాయి. ఖర్చు కొంచెం ఎక్కువైనా తాళం ఉన్నదే తీసుకోండి. తాళాల్లో మూడు రకాలు దొరుకుతాయి: రింగు తిప్పి బిగించేది, పిడి వెన్ను నొక్కితే విడిపోయేది, పిడి లోపలి రేకు అలుగుకు అడ్డుపడేది. రింగు రకం సులువు, మట్టి పడినా కడిగితే పోతుంది. లోపలి రేకు రకంలో ఆకు పాలు, మట్టి చేరితే రేకు సరిగా కూర్చోదు. అప్పుడప్పుడు చూసుకోవాలి.

పిడి తడి చేతికి జారకూడదు. ఎరుపో పసుపో కొట్టొచ్చే రంగు పిడి అయితే తోటలో పడిపోయినా కనిపిస్తుంది. పిడికి తాడు కట్టే రంధ్రం ఉంటే ఇంకా మంచిది. బొత్తం నొక్కగానే ఎగిరి తెరుచుకునే చాకులు కొనవద్దు. జేబులో తెరుచుకుంటే ప్రమాదం, తనిఖీల్లో చిక్కులు కూడా.

చాకీ గదికి మడత చాకు వద్దు

ఈ కరపత్రంలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇదే. మడత చాకుకు కీలే సౌకర్యం, కీలే లోపం. ఆ సందులో ఆకు పాలు, మట్టి, తడి చేరి ఉంటాయి. ఎంత కడిగినా లోపలికి మందు నీరు సరిగా పోదు. పాల రోగం సోకిన పురుగు పగిలి కారిన ద్రవం ఒక్క చుక్క అక్కడ చేరితే ఆ రోగకారకం చాలా కాలం నిలుస్తుంది. పెబ్రిన్ బీజాలు కూడా పనిముట్ల ద్వారా వ్యాపిస్తాయి.

ఇంకొక సంగతి. జేబు చాకు పగలంతా ఎక్కడెక్కడ తిరుగుతుందో గుర్తు తెచ్చుకోండి. పురుగుమందు ప్యాకెట్టు దానితోనే విప్పుతాం. పొగాకు కాడ దానితోనే తుంచుతాం. పట్టు పురుగుకు నికోటిన్ విషం. పొగాకు చేల పక్కన ఉన్న మల్బరీ ఆకు మేసి పురుగులు చావడం పట్టు రైతులకు కొత్త సంగతి కాదు. పొగాకు కోసిన చాకుతో మొదటి దశ పురుగులకు ఆకు తరిగితే ఫలితం ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు.

ఇప్పుడు చాలామంది చాకీ కేంద్రాల నుంచి రెండో జ్వరం లేచిన పురుగులను తెచ్చుకుంటున్నారు. ఇంటి దగ్గరే చాకీ పెంచేవారు మాత్రం ఆకు తరగడానికి కీలు లేని, పిడి సందులు లేని, స్టెయిన్‌లెస్ కత్తిని వేరుగా ఉంచాలి. అది గది దాటి బయటకు రాకూడదు. మొదటి దశలో ఆకును అర నుంచి రెండు చదరపు సెంటీమీటర్లు, రెండో దశలో రెండు నుంచి నాలుగు చదరపు సెంటీమీటర్ల ముక్కలుగా తరగాలి. కత్తి పదునుగా ఉంటే ఆకు అంచు నలగదు, తడి తొందరగా ఆరిపోదు.

పంట ముగిశాక ఆ కత్తిని సబ్బు నీటితో కడిగి బ్లీచింగ్ ద్రావణంలో కనీసం 10 నిమిషాలు ఉంచాలి. 10 లీటర్ల నీటికి 200 గ్రాముల బ్లీచింగ్ పౌడరు, 30 గ్రాముల తడిపిన సున్నం కలపాలి. బ్లీచింగులోని క్లోరిన్ స్టెయిన్‌లెస్ ఉక్కును కూడా గుంటలు పడేలా తింటుంది. కాబట్టి రాత్రంతా నానబెట్టవద్దు. తీసిన వెంటనే మంచినీటితో కడిగి పొడి గుడ్డతో తుడవాలి.

పదును, సంరక్షణ

సానరాయి రెండు వైపులది తీసుకోండి. ఒక వైపు గరుకు, ఒక వైపు నునుపు ఉండాలి. రాయిని నీటితో తడిపి కదలకుండా పెట్టండి. రెండు సెంటీమీటర్ల వెడల్పు అలుగు అయితే వెన్నును రాయి నుంచి సుమారు ఏడు మిల్లీమీటర్లు ఎత్తి పట్టండి. మొదటి నుంచి మొన దాకా అదే ఎత్తులో లాగండి. ఒక వైపు రుద్దుతూ ఉంటే రెండో వైపు అంచున వేలికి తగిలే సన్నని రేకు లేస్తుంది. అది అంచంతా లేచాక చాకు తిప్పండి. చివరకు నునుపు వైపు మెల్లగా రుద్ది, పాత తోలు బెల్టు మీద వెనక్కు లాగితే ఆ రేకు పోయి పదును మిగులుతుంది.

సైకిలు మీద వచ్చి చక్రంతో సాన పట్టేవారికి ఇస్తే పక్కన నిలబడి చూడండి. అంచు నీలి రంగుకు తిరిగితే అక్కడ ఉక్కు కాపు పోయినట్టే. మాటిమాటికీ నీటిలో ముంచమని చెప్పండి.

పని అయ్యాక అలుగు మీది పాలు తడి గుడ్డతో తుడిచి ఆరబెట్టండి. కీలులో వారానికి ఒక చుక్క నూనె వేయండి. రోగం సోకిన మొక్కను కోసిన తర్వాత, మరో మొక్కను తాకే ముందు స్పిరిట్ తడిపిన దూదితో అలుగు తుడవండి. స్పిరిట్ దగ్గర నిప్పు ఉండకూడదు.

కోసేటప్పుడు చాకు ఒంటి నుంచి బయటకు పోవాలి. చెయ్యి తెగితే శుభ్రమైన నీటితో కడిగి కట్టు కట్టి, ధనుర్వాతం సూది విషయం ఆరోగ్య కేంద్రంలో అడగండి. మట్టిలో పనిచేసే చాకు గాయాన్ని తేలికగా తీసుకోవద్దు.

రైతులకు వచ్చే సందేహాలు

ప్రశ్న: చాకును పొయ్యి మంటలో కాల్చి శుద్ధి చేయవచ్చా?
జవాబు: చేయవద్దు. మంటలో అంచు త్వరగా వేడెక్కి కాపు పోతుంది. ఇక ఎంత సాన పట్టినా పదును నిలవదు. సబ్బు నీరు, స్పిరిట్ చాలు.

ప్రశ్న: తుప్పు పట్టిన పాత చాకు పారవేయాలా?
జవాబు: పైపైన తుప్పు అయితే సన్నని ఎమరీ కాగితంతో రుద్ది నూనె రాసి వాడుకోవచ్చు. పదును అంచున గుంటలు పడితే సానలో ఆ భాగం పోయేదాకా అరగదీయాలి. కీలు ఆడుతుంటే మాత్రం గోనెలు కోయడానికి ఉంచుకోండి, అంటుకు వాడవద్దు.

ప్రశ్న: ఒక్క చాకు కొనే స్తోమతే ఉంటే?
జవాబు: తోటకు మడత చాకు కొనండి. చాకీ గదికి వంటింట్లోని ఒక సాదా స్టెయిన్‌లెస్ కత్తిని శుద్ధి చేసి గదికే వదిలేయండి. దానిని మళ్ళీ వంటకు తీసుకోవద్దు.

గుర్తుంచుకోండి

– మెరుపు చూసి కొనవద్దు, కోత చూసి కొనండి.
– తుడిచేవారికి కార్బన్ స్టీలు, తుడవడం మరిచేవారికి స్టెయిన్‌లెస్.
– తాళం ఉన్న చాకు వేళ్ళను కాపాడుతుంది.
– పొగాకు, పురుగుమందు తగిలిన చాకు మేత దగ్గరకు రాకూడదు.
– చాకీ గదికి మడత చాకు వద్దు.

మల్బరీ కొమ్మ ముక్కల తయారీ, అంటు కట్టడం, గది శుద్ధి గురించి ఇంకా సందేహాలుంటే మీ దగ్గరలోని పట్టు పరిశ్రమ సాంకేతిక సేవా కేంద్రంలో అడగండి. మీ చాకును కూడా వెంట తీసుకురండి. ఒక రెమ్మ కోసి చూస్తే సగం సందేహాలు అక్కడే తీరుతాయి.